గ్రాఫు గీయలేకపోతే ఎంపీసీ మానేయాలా?

ప్రశ్న: మా అమ్మాయి పదో తరగతి. వర్గ సమీకరణాలు సూత్రం వేసి గబగబా చేసేస్తుంది. గ్రాఫు గీయమంటే మాత్రం చెయ్యి ఆగిపోతుంది. అది చూసి ట్యూషన్ మాస్టారు ‘ఎంపీసీ కష్టం, సీఈసీలో వేయండి’ అన్నారు. తనకేమో ఇంజనీరింగ్ అంటే ఇష్టం. ఏం చేయమంటారు? - ఒక తల్లి

జవాబు: అమ్మా, ఆ ఒక్క కారణం మీద గ్రూపు మార్చకండి. పుస్తకంలో గ్రాఫు బహుపదుల పాఠంలో వస్తుంది, సూత్రం వర్గ సమీకరణాల పాఠంలో వస్తుంది. రెండూ ఒకటేనని దగ్గర కూర్చోబెట్టి ఎవరూ చూపించకపోతే పిల్లలకు తట్టదు. మీ అమ్మాయికి జరిగింది కూడా ఇదే అనిపిస్తోంది.

ఈ ఆదివారం ఒక గ్రాఫు కాగితం ఇచ్చి ఎక్స్² − 4ఎక్స్ + 3 గీయమనండి. సూత్రం జోలికి పోవద్దనండి. ఎక్స్‌కు 0, 1, 2, 3, 4 వేస్తే వరసగా 3, 0, −1, 0, 3 వస్తాయి. ఎటునుంచి చదివినా ఒకటే వరస. కాగితాన్ని 2 దగ్గర నిలువుగా మడిచి వెలుతురుకు పట్టి చూస్తే రెండు కొమ్మలూ ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. ఆ మడతే సౌష్ఠవ అక్షం. దాని మీద, వక్రం అడుగున ఉన్న (2, −1) శీర్షం. వక్రం ఎక్స్ అక్షాన్ని దాటిన 1, 3 తను సూత్రంతో రాబట్టే మూలాలే.

ఇప్పుడు చివరి 3 తీసి 4 పెట్టమనండి. వక్రమంతా ఒక్క మెట్టు పైకి జరిగి ఎక్స్ అక్షాన్ని ఒకేచోట తాకుతుంది, విచక్షణి (సూత్రంలో వర్గమూలం కింద ఉండే బీ² − 4ఏసీ) 0. 5 పెడితే అక్షాన్ని తాకకుండా పైనే ఉండిపోతుంది, విచక్షణి −4. ‘వాస్తవ మూలాలు లేవు’ అని ఇన్నాళ్లూ బట్టీ పట్టిన మాట అప్పుడు కంటికి కనిపిస్తుంది. నా దగ్గరికొచ్చే పిల్లల ముఖాలు వెలిగేది ఇక్కడే. మూలాలు లేకపోయినా శీర్షం దొరుకుతుంది: 0 దగ్గరా 4 దగ్గరా విలువ 5 కాబట్టి మడత వాటి నడుమ, 2 దగ్గరే. శీర్షం ఎక్కడో చెప్పే ‘మైనస్ బీ బై టూ ఏ’లో గుర్తు తప్పే పిల్లలు ఇలా సరిచూసుకోవచ్చు.

ఎక్స్² ముందు మైనస్ ఉంటే వక్రం బోర్లా పడి, శీర్షం గరిష్ఠం అవుతుంది. బంతిని సెకనుకు 20 మీటర్ల వేగంతో నిట్టనిలువుగా విసిరారనుకోండి. గురుత్వ త్వరణం 10గా తీసుకుంటే టీ సెకన్లకు ఎత్తు 20టీ − 5టీ². మొదట చేతిలో, 4 సెకన్లకు మళ్లీ చేతిలో. అంటే సరిగ్గా మధ్యన, 2 సెకన్లకు, 20 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఇంటర్ ఫిజిక్సులో ఇలాంటి లెక్కలు చాలా వస్తాయి. లెక్కల్లో వర్గ సమాసాలు, పరావలయం (ఈ వక్రం పేరే) కూడా ఈ బొమ్మ మీదే నడుస్తాయి. ఎప్‌సెట్ ఇంజనీరింగ్ పేపర్లో 160 ప్రశ్నలకు 80 లెక్కలవే, సమయం 180 నిమిషాలు. బొమ్మ మనసులో ఉన్న పిల్లకు అక్కడ నిమిషాలు మిగులుతాయి.

సీఈసీ మంచి గ్రూపే, వాణిజ్యం మీద ఇష్టంతో చేరితే. భయంతో చేర్చకండి. ఎంపీసీ చదివాక బీకాంకో సీఏకో వెళ్లొచ్చు. సీఈసీ నుంచి ఇంజనీరింగుకు నేరుగా దారి లేదు.

రెండు వారాలు రోజుకొక వర్గ సమాసం, పైన గీసినలాంటిది, ఇవ్వండి. లెక్క వేయకముందే వక్రం పైకి తెరుచుకుంటుందా కిందికా, వై అక్షాన్ని ఎక్కడ కోస్తుంది, శీర్షం ఎటుపక్క అని నోటితో చెప్పించి, ఆ తర్వాతే గీయించండి. తప్పు చెప్పినా మీరు దిద్దవద్దు, గీసిన బొమ్మే దిద్దుతుంది. ప్రతి కాగితం మీదా తేదీ వేయించి, పదిహేనో రోజున అన్నీ పట్టుకుని తననే మాట్లాడమనండి. మాస్టారి దగ్గరికి కూడా ఆ కాగితాలు తీసుకెళ్లండి.