పొరుగు దేశాలతో కర్బన పరిశోధనా? ముందు ఒకే మడిలో దిగండి

భారత్, నేపాల్, బంగ్లాదేశ్ కలిసి కర్బన చక్రంపై, అంటే నేల, నీరు, గాలి, జీవుల మధ్య కర్బనం తిరిగే తీరుపై పరిశోధన చేయాలంటే ప్రణాళిక ఎక్కడ మొదలుపెట్టాలని అడిగారు. ఒప్పందపత్రంతో మాత్రం వద్దు. అన్ని జట్లూ ఒకే మడిలో నెల రోజులు పక్కపక్కన కొలిచిన తరువాతే మిగతా మాటలు.

దేశాల మధ్య పని నేను చేయలేదు. రెండు రాష్ట్రాల మధ్య చేశాను. వరి పొలాల నుంచి వచ్చే మీథేన్ అనే కర్బన వాయువును కొలిచే ఒక ప్రాజెక్టులో మూడేళ్లు క్షేత్ర సహాయకుడిగా ఉన్నాను. మా మడులు పరకాల దగ్గర. రెండో జట్టు మడులు కాళేశ్వరం దాటాక, గోదావరికి అవతల, మహారాష్ట్రలోని సిరోంచ వైపు. వరి దుబ్బుల మీద పారదర్శకమైన పెట్టె బోర్లించి, పదిహేను నిమిషాలకోసారి సిరంజితో గాలి లాగి సీసాల్లో నింపేవాళ్లం.

రెండు యాసంగులు గడిచాయి. అవతలి అంకెలు మా అంకెల కంటే చాలా ఎక్కువ వచ్చాయి. నేల వేరన్నారు, వంగడం వేరన్నారు, ఎరువు మోతాదు వేరన్నారు. సమావేశం మీద సమావేశం జరిగింది కానీ ఒకరి పొలానికి ఒకరు వెళ్లలేదు. ప్రారంభోత్సవ వేదికకు, శాలువలకు డబ్బు కేటాయించిన పెద్దలు నది దాటి వెళ్లడానికి బస్సు ఛార్జీలకు పైసా పెట్టలేదు. తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

మూడో ఏడు ఫిబ్రవరిలో మా ఖర్చుతోనే వెళ్లాం. మా మడి యజమాని, ఒక పెద్దాయన, తానూ చూస్తానని మాతో వచ్చాడు. అవతలి కుర్రవాడు మోకాలి లోతు బురదలో దిగి పెట్టె దగ్గరకు నడిచాడు. గట్టు మీద కూర్చున్న పెద్దాయన అన్నాడు: "సారూ, ఆ బాబు అడుగు వేసిన చోటల్లా బుడగలు లేస్తున్నాయి. అవి పెట్టెలోకి పోవా?"

అందరం వంగి చూశాం. అతని మడమ దిగిన చోట సన్నని బుడగలు వరుసగా పైకి వచ్చి, పెట్టె అంచుకు చేరుతున్నాయి. నీటి అడుగున మట్టిలో చిక్కుకున్న మీథేన్ అది. కాలి బరువుకు ఒక్కసారిగా బయటపడుతోంది. మా మడిలో ఇటుకల మీద చెక్కబల్లలు పరిచి ఉండేవి, వాటి మీద నిలబడే కొలిచేవాళ్లం. ఆ బల్లలు వేయాలని మాలో ఎవరికీ తట్టలేదు. నాటు తొక్కితే ఊరుకోనని ఈ పెద్దాయనే పట్టుబట్టి వేయించాడు. అందుకే పద్ధతి రాసిన కాగితంలో బల్లల మాట లేదు, అవతలివాళ్లకు తెలిసే దారీ లేదు.

ఆ రోజే ఇంకొకటి బయటపడింది. మేము మీథేన్ బరువు రాస్తున్నాం, వాళ్లు అందులోని కర్బనం బరువు మాత్రమే రాస్తున్నారు. 12 కిలోల కర్బనం అంటే 16 కిలోల మీథేన్. ఈ తేడా సరిచేస్తే వాళ్ల అంకె ఇంకా పెరిగింది!

ఒకే దేశంలో, ఒకే నదికి రెండు ఒడ్డుల మధ్యే ఇలా ఉంటే దేశాల మధ్య ఎలా ఉంటుంది? అమెరికా, కెనడా, మెక్సికో మూడింటి కర్బన లెక్కలను కలిపి 2018లో ఒక నివేదిక తెచ్చారు. ఐరోపాలో హెల్సింకీ కేంద్రంగా కర్బన వాయువులను కొలిచే ఐకాస్ అనే వ్యవస్థ ఉంది, అందులోని దేశాల కేంద్రాలన్నీ ఒకే పద్ధతిలో కొలుస్తాయి. మన దగ్గర సుందరబన్ అడవిలో ఎక్కువ భాగం బంగ్లాదేశ్‌ది, మిగిలింది మనది. ఆటుపోట్లతో బురద, ఆకులు, వాటితోపాటు కర్బనం అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాయి. సగం అడవిని కొలిచి లెక్క తేలిందంటే నేను నమ్మను. కలిసి కూర్చోవడం మనకు కొత్త కూడా కాదు. సరిహద్దులు దాటే గాలి కాలుష్యంపై 1998లోనే మాల్దీవుల రాజధాని మాలేలో వెలువడిన మాలే ప్రకటన మీద భారత్, నేపాల్, బంగ్లాదేశ్, పాకిస్తాన్ సహా ఎనిమిది దేశాలు ఒప్పుకున్నాయి.

కాబట్టి మీ ప్రణాళిక మొదటి పేజీలో ప్రయాణ ఖర్చు రాయండి. గాఢత తెలిసిన వాయువు నింపిన ఒకే సిలిండర్‌ను అన్ని దేశాల ప్రయోగశాలలకూ తిప్పి, ఎవరి యంత్రం ఎంత చూపుతోందో ముందే తేల్చుకోండి. మడికి నీళ్లు ఎప్పుడు పెట్టారో, ఎప్పుడు తీసేశారో రాసే పుస్తకం రైతు చేతికే ఇవ్వండి, ఆ పనికి కూలి కట్టివ్వండి. క్షేత్ర సిబ్బందికి నెలనెలా జీతం ఇవ్వండి. మాకు మూడు నెలలకోసారి వచ్చేది, మంచి కుర్రవాళ్లు ఇద్దరు మధ్యలోనే మానేశారు.

అవతలి మడిలో మరుసటి వారమే బల్లలు వేశారు. ఆ పంట కోతకు వచ్చేసరికి రెండు జట్ల అంకెలూ దగ్గరపడ్డాయి. మొదటి రెండు యాసంగుల అంకెలు మాత్రం తుది నివేదికలో దిద్దకుండా అలాగే అచ్చయ్యాయి.