మైక్ తర్వాత కొందాంలే అమ్మాయ్

బుజ్జీ,

నీ మెసేజ్ నిన్న రాత్రి చూశా. బయటి శబ్దాలతో ఒక మ్యూజిక్ పీస్ చెయ్యాలనుంది, ఏ మైక్ కొనాలి మావయ్యా అన్నావు. ఇప్పుడేమీ కొనకు. ఒక నెల వట్టి చెవులతో తిరుగు.

ముప్పై ఏళ్ళు నాటకాలకి సౌండ్ ఎఫెక్ట్స్ చేసినోణ్ణి కదా, మొదట్లో నేనూ మిషన్‌నే నమ్ముకున్నా. తెల్లారకముందే టేప్ రికార్డర్ మోసుకుంటూ చెరువుగట్టెక్కి రెండు గంటలు రికార్డ్ చేసి ఇంటికొచ్చి వింటే కొంగల కంటే నా జేబులో తాళాల గుత్తే ఎక్కువ మోగింది. అది పోనీ, ఆ రెండు గంటల్లో ఏం విన్నానో ఒక్కటీ గుర్తులేదు, మిషన్ వింటోందిలే అని నేను వినడం మానేశా.

మన గుంటూరు పక్కనే ఉప్పలపాడు ఉందిగా, చలికాలం పొద్దున్నే అక్కడికి పో. ఊరి చెరువులో చెట్ల నిండా గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ళ కొంగలు. వెళ్ళగానే ఒకటే గోల వినపడుతుంది. పావుగంట కదలకుండా కూచో, ఆ గోల విడివిడిగా తెలుస్తుంది. అరిచేవన్నీ పిల్లలు, పెద్దవి దాదాపు మూగవి. కొంగ ఏదైనా చెప్పాలంటే ముక్కు రెండు భాగాలూ టకటకా కొట్టుకుంటుంది, చిడతలు వాయించినట్టు. గూడబాతు నెత్తి మీంచి పోతే రెక్కల ఊపు ఒక్కటే, చేటతో చెరిగినట్టు. నువ్వైతే ఆ పిల్లల గోల రికార్డ్ చేసి కింద పియానో వేసేస్తావు, నాకు తెలుసు. నాకైతే అక్కడ వేరే పీస్ వినపడుతుంది, పిల్లల గోల మధ్యలో మాట్లాడని పెద్దల రెక్కల చప్పుడు. దాన్ని డోలుతో చేస్తావో లాప్‌టాప్‌లో చేస్తావో నీ ఇష్టం, పక్షి గొంతు ఒక్కటి కూడా వాడక్కర్లేదు.

ఒక నోట్‌బుక్ తీసుకెళ్ళు, విన్నది తెలుగులోనే రాయి. గలగల వేరు, జలజల వేరు, సలసల వేరు, కుతకుత వేరు, ఇంత ఆస్తి పెట్టుకుని వాటర్ సౌండ్ అని రాసుకుంటే ఎట్లా. తాటిచెట్టు చప్పుడుని ఒకసారి గరగర అని రాసుకున్నా, మర్నాడు పోయి వింటే ఎండుమట్టదే గరగర, పచ్చాకుది టపటప, రెండూ కలిసేసరికి దూరాన్నించి వానొస్తున్నట్టుంది. తాటాకు చప్పుళ్ళని ఎగతాళిగా అంటాం గానీ నాటకాల్లో వానలు చాలావాటిని ఎండు తాటాకులతోనే లాగించా నేను.

కోయిలంటే అందరూ కూ అని రాస్తారు. ఎండాకాలం తెల్లారుజామున ఒక్క కోయిలనే పట్టుకుని విను, కూతకూతకీ స్థాయి పెంచుకుంటూ పోయి పైన టక్కున తెగ్గొట్టేస్తుంది (పాడేది మగది, ఆడది కిక్ కిక్ మంటుంది). షడ్జం నెమలిది, పంచమం కోయిలది అని చిన్నప్పుడు పాఠం చెప్పారు కదా అని శ్రుతిపెట్టెతో సరిచూడకు, అది ఒక్క స్వరం మీద నిలబడితేగా. ఆ ఎక్కడమూ, తెగడమూ తీసుకో.

బెర్నీ క్రౌస్ అని అమెరికాయన 1968లో మొదలుపెట్టి ఏళ్ళ తరబడి ప్రకృతి శబ్దాలు రికార్డ్ చేశాడు, మనిషి చెయ్యిపడని అడవిలో ఏ ప్రాణికాప్రాణి శబ్దంలో తన చోటు తను చూసుకుంటుంది, ఆర్కెస్ట్రాలో వాయిద్యాల్లాగా అంటాడు. తొలకరి రాత్రి కప్పల దగ్గర కూచుంటే నీకే తెలుస్తుంది, ఒకటి ఆపిన సందులో ఇంకోటి అందుకుంటుంది. రెండు వాయిద్యాలు ఒకదాన్నొకటి తొక్కకుండా ఎట్లా నడపాలో నాకైతే అక్కడే అర్థమైంది.

ఆ నెల అయ్యాక చేతిలో పట్టే రికార్డర్ ఒకటి కొందాం, సెట్టింగ్ 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ పెట్టుకో, శబ్దం ఎంత పెరిగినా మీటర్ మీద మైనస్ 12 డెసిబెల్స్ దాటనీకు, మైక్‌కి బొచ్చు తొడుగు తప్పనిసరి లేకపోతే గాలి మొత్తం గుబగుబే. ఫోన్‌ని నమ్ముకోకు, చాలా ఫోన్లు ఆకుల చప్పుడుని కూడా నాయిస్ అనుకుని తుడిచేస్తాయి. గూళ్ళ దగ్గరికి మాత్రం పోవద్దు, పక్షుల్ని పిలవడానికి స్పీకర్లో వాటి కూతలు పెట్టే పిచ్చిపని అసలే వద్దు.

సంక్రాంతికి వస్తావుగా, పండగ మర్నాడు పోదాం, ఐదింటికల్లా రెడీగా ఉండు. కాళ్ళ పట్టీలు తీసేసి రా. నా తాళాల గుత్తి సంగతి మీ అత్త చూసుకుంటుంది.

మావయ్య