ఇంట్లో ఎవరికీ బోదకాలు లేకపోయినా ఆ మాత్రలు మింగాలా?

మీ ప్రశ్న చూశానండి. ఇంట్లో ఎవరికీ బోదకాలు లేదు, ఆశా వర్కర్ వచ్చి అందరూ మాత్రలు మింగాలంటోంది, లేని జబ్బుకి మందెందుకు అని అడిగారు. మాది గోదావరి జిల్లా, మా వదిన ఆశా వర్కర్, మాత్రలు పంచే రోజుల్లో ఆవిడతో పాటు ఇల్లిల్లూ తిరిగాను కాబట్టి చెప్తున్నా. మింగండి, మాత్రలిచ్చే ఆశా వర్కర్ ఎదురుగానే మింగండి.

ఈ జబ్బు కాలు వాచినవాళ్ళ కంటే వాచనివాళ్ళ నుంచే ఎక్కువ పాకుతుంది. ఇది సన్నటి పురుగుల వల్ల వచ్చే జబ్బు. పెద్ద పురుగులు ఒంట్లో లింఫు నాళాల్లో, అంటే కణజాలాల్లోని నీరు పోయే సన్నటి గొట్టాల్లో, ఏళ్ల తరబడి ఉంటాయి, వాటి పిల్లలు రక్తంలో తిరుగుతుంటాయి, మనిషికి మాత్రం ఏమీ తెలీదు, పొలం పని చేసుకుంటూ బానే ఉంటాడు. మురుగు కాలవల్లో పెరిగే క్యూలెక్స్ దోమ రాత్రిపూట ఆయన్ని కుట్టి, కొన్నాళ్ళకి ఇంకొకర్ని కుడుతుంది. ఆ పిల్లపురుగులు కూడా రాత్రిళ్ళే చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి, అందుకే రక్తం తీసేవాళ్ళు జనం అన్నాలు తిని పడుకునే టైంకి వచ్చి తలుపు కొడతారు, వేలు పొడిచి గాజు పలక మీద చుక్కలు పెట్టుకుని వెళ్తారు. చాలామంది విసుక్కుంటారు గానీ పగలు తీస్తే పురుగు కనపడదు మరి.

ఎవరి రక్తంలో ఉందో ఒక్కొక్కరికీ టెస్ట్ చేసి వెతకడం అయ్యే పని కాదు కదా. అందుకే 2004 నుంచి మన దేశంలో ఈ జబ్బున్న జిల్లాల్లో ఏడాదికోసారి అందరికీ మందు ఇవ్వడం పెట్టారు, ఇప్పుడిచ్చేది డీఈసీ అనే పురుగుల మాత్ర, దాంతో పాటు నమిలి మింగే ఆల్బెండజోల్, కొన్ని జిల్లాల్లో ఐవర్‌మెక్టిన్ కూడా. ఊళ్లో కనీసం 65 శాతం మంది నిజంగా మింగితేనే దోమకి పురుగు దొరక్కుండా పోతుంది. ఈ మందు ముఖ్యంగా పిల్లపురుగుల మీద పనిచేస్తుంది, పెద్దవి చాలావరకు మిగిలిపోతాయి, అవి వాటంతటవి చచ్చేదాకా ఏటేటా ఇవ్వాలి. ఈ డీఈసీ 1947లో అమెరికాలోని లెడర్లీ ల్యాబ్ నుంచి హెట్రజాన్ పేరుతో వచ్చింది, ఆ పరిశోధన నడిపింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. మనవాడు తెచ్చిన మందుని మన ఊళ్లలోనే పారేస్తుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

పారేయడం అంటే నిజంగానే. "అక్కడ పెట్టి వెళ్ళమ్మా, తిన్నాక వేసుకుంటాం" అంటారు, తర్వాత వెళ్లి చూస్తే టీవీ స్టాండు మీద అలాగే ఉంటాయి, రిజిస్టర్లో మాత్రం ఇచ్చినట్టే లెక్క. మా వదిన అయితే ముందు తిన్నారా అని అడిగి, తినకపోతే సాయంత్రం మళ్ళీ వచ్చి, నీళ్ళ గ్లాసు తెమ్మని, ఎదురుగా మింగించి, వేలికి మార్కర్ గీత పెట్టి అప్పుడు రాసుకునేది.

ఇంకో భయం జ్వరం. మా వీధిలో ఒకాయనకి ఆ రాత్రే చలిజ్వరం వచ్చింది, తెల్లారేసరికి మాత్రలు వికటించాయని ఊరంతా పాకి చాలా ఇళ్లలో తలుపే తియ్యలేదు. ఎక్కువగా రక్తంలో పురుగులున్నవాళ్ళకే, అవి చచ్చేటప్పుడు జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు వస్తాయి, రెండు మూడు రోజుల్లో తగ్గిపోతాయి. అంటే మందు పనిచేస్తోందన్నమాట. తగ్గకపోతే పీహెచ్‌సీకి వెళ్ళండి. ఈ మాట మాత్రలిచ్చే ముందే ప్రతి ఇంట్లో చెప్పి తీరాలి, చెప్పకపోవడం వల్లే సగం పుకార్లు.

రెండేళ్ల లోపు పిల్లలకి, గర్భిణులకి, తీవ్రంగా జబ్బుపడ్డవాళ్ళకి ఇవ్వరు. బీపీ, షుగర్ ఉన్నవాళ్ళు వేసుకోవచ్చు. ఖాళీ కడుపుతో మాత్రం వద్దు.

పక్కింటి తాతగారి కాలు గురించి కూడా అడిగారు, ముట్టుకుంటే అంటదండి. మా పెద్దమ్మకి కూడా ఉంది, రోజూ సబ్బుతో కడిగి, వేళ్ల సందుల్లో తడి లేకుండా మెత్తటి గుడ్డతో ఒత్తి, పుండు కనపడితే మందు రాసి, పడుకునేటప్పుడు కాలు దిండు మీద ఎత్తి పెడతాం. ఇలా మొదలుపెట్టాక ఆవిడకి మాటిమాటికీ వచ్చే జ్వరాలు బాగా తగ్గాయి. తాతగారికి కూడా పీహెచ్‌సీలో అడిగి టబ్బు, మగ్గు, సబ్బు ఉన్న కిట్ ఇప్పించండి.