అప్పుగా తెచ్చిన 2 లక్షలు అత్యవసర నిధి కాదు

ప్రశ్న: నా వయసు 29. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. కోతలన్నీ పోగా నెలకు రూ.62,000 చేతికి వస్తుంది. అద్దెకు 13,000, తెనాలిలో ఉంటున్న అమ్మానాన్నలకు 10,000, మిగతా అవసరాలకు 16,000 అవుతాయి. ఆరేళ్ళుగా చుట్టూ వినిపించే చప్పుళ్ళను రికార్డు చేసి వాటితో ఎలక్ట్రానిక్ సంగీతం కూరుస్తున్నాను. మంగళగిరి మగ్గాలు, ఎంఎంటీఎస్ రైలు పట్టాలు, మా ఇంటి గ్రైండరు, ఇవన్నీ నా వాయిద్యాలే. ఉద్యోగం మానేసి వీడియో గేమ్‌లకు సంగీతం అందించడమే వృత్తిగా చేసుకోవాలని ఉంది. గత ఏడాది రెండు చిన్న గేమ్‌లకు చేస్తే 45,000 వచ్చింది. మూడో గేమ్‌కు అమ్మకాల్లో వాటా ఇస్తామన్నారు కానీ అది ఇంకా విడుదల కాలేదు. 14 శాతం వడ్డీకి, ఐదేళ్ళ వ్యవధికి 6 లక్షల వ్యక్తిగత రుణం మంజూరైంది. అందులో 4 లక్షలతో మాడ్యులర్ సింథసైజర్ (విడివిడి భాగాలను కలిపి వాడే ఎలక్ట్రానిక్ వాయిద్యం), మైకులు, స్టూడియో స్పీకర్లు కొని, 2 లక్షలను అత్యవసర నిధిగా ఉంచుకోవాలన్నది ఆలోచన. పొదుపు 1,10,000 ఉంది. క్రెడిట్ కార్డు బాకీ 80,000. నెలనెలా కనీస మొత్తం కడుతున్నాను. ఆరోగ్య బీమా అంటే నేను పనిచేసే కంపెనీ ఇచ్చిందే. నాన్నకు 61 ఏళ్ళు, మధుమేహం ఉంది. డబ్బు చాలకపోతే అమ్మ బంగారం తాకట్టు పెట్టడం మంచిదా, లోన్ యాప్‌లో తీసుకోవడం మంచిదా?

సమాధానం: మీ చివరి ప్రశ్నకు ముందుగా జవాబు చెబుతాను. రెండూ వద్దు. మంజూరైన 6 లక్షల రుణాన్ని కూడా తీసుకోవద్దు. సంగీతం మానుకోమని నేను చెప్పడం లేదు, వృత్తి మారాలన్న మీ కోరికను తప్పుపట్టడమూ లేదు. మీ ఉత్తరంలో ఒక పొరపాటు ఉంది. ఉద్యోగం వదిలి సొంతంగా పని మొదలుపెట్టే యువతీయువకుల్లో చాలామంది ఇదే చేస్తున్నారు కాబట్టే దీనికి ఇంత వివరంగా జవాబు రాస్తున్నాను. అప్పుగా తెచ్చిన సొమ్ములో కొంత పక్కన పెట్టి, దానికి అత్యవసర నిధి అని పేరు పెట్టుకోవడమే ఆ పొరపాటు.

లెక్క చూడండి. 6 లక్షలకు 14 శాతం వడ్డీతో ఐదేళ్ళకు నెలవాయిదా సుమారు 13,960 రూపాయలు. మొత్తం మీద మీరు తిరిగి కట్టేది 8.37 లక్షలకు పైనే. ప్రస్తుతం మీ కుటుంబం గడవడానికి నెలకు 39,000 కావాలి. కంపెనీ బీమా పోయాక సొంత పాలసీల ప్రీమియంల కోసం నెలకు మరో 4,000 వేసుకుంటే 43,000 అవుతుంది. దీనికి వాయిదా కలిపితే 57,000కు చేరుతుంది. అంటే ఆదాయం నిలకడగా లేని దశలోకి అడుగుపెట్టే రోజునే మీ నెలవారీ అవసరం 14,000 పెరుగుతోంది. తొమ్మిది నెలల ఖర్చుకు సరిపడా నిధి ఉండాలనుకుంటే, అప్పు లేకపోతే 3,87,000 చాలు. అప్పుంటే 5,13,000 కావాలి. నిధిని సమకూరుస్తుందని మీరు నమ్ముతున్న రుణమే కావలసిన నిధిని లక్షకు పైగా పెంచుతోంది, దాన్ని నింపుకునే శక్తిని కూడా మీ నుంచి తీసేసుకుంటోంది. పైగా ఆ 2 లక్షలు పొదుపు ఖాతాలో 3 శాతానికి అటూఇటూగా వడ్డీ తెచ్చుకుంటూ పడి ఉంటే, మీరు దాని మీద 14 శాతం కడుతుంటారు.

ఉద్యోగులకు ఆరు నెలల ఖర్చుకు సరిపడా నిధి చాలని సాధారణంగా చెబుతాను. మీకు తొమ్మిది నెలలని ఎందుకు చెప్పానంటే, గేమ్‌ల పనిలో డబ్బు నెలనెలా రాదు. పూర్తయిన సంగీతానికి నిమిషానికి ఇంత అని మాట్లాడుకున్నా, చెల్లింపు మాత్రం పని దశలను బట్టి విడతలుగా వస్తుంది. గేమ్ విడుదల ఆరు నెలలు వాయిదా పడితే చివరి విడత కూడా ఆరు నెలలు ఆగుతుంది. స్టూడియో ఆ గేమ్‌ను మధ్యలోనే ఆపేస్తే ఆ విడత ఎప్పటికీ రాకపోవచ్చు. అమ్మకాల్లో వాటా అనే మాటను మీ ఆదాయపు లెక్కలో సున్నాగానే రాసుకోండి. స్టీమ్ వంటి వేదిక మీద అమ్మితే సాధారణంగా 30 శాతం ఆ వేదికే తీసుకుంటుంది. ఆ తర్వాత పన్నులు, ప్రచురణకర్త ఖర్చులు పోయి, మిగిలినదాన్ని బృందమంతా పంచుకోవాలి. మీకు గత ఏడాది వచ్చిన 45,000ను పన్నెండు నెలలకు సర్దితే నెలకు 3,750. ఆ ఆదాయం ఆధారంగా నెలకు 13,960 వాయిదా ఒప్పుకోవడం ధైర్యమని నేను అనలేను.

ఇక బాకీ సంగతి. మీ పొదుపులోంచి 80,000 తీసి ఈ వారమే క్రెడిట్ కార్డు బాకీ మొత్తం కట్టేయండి. మీ కార్డు వడ్డీ నెలకు 3.5 శాతమే అనుకున్నా, 80,000 మీద వడ్డీ 2,800, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 3,300 దాటుతుంది. కనీస మొత్తంగా మీరు కట్టేది 4,000 అయితే అసలు తగ్గేది నెలకు 700 కూడా కాదు. బాకీ ఉన్నన్నాళ్ళూ కొత్తగా కొన్నవాటికి వడ్డీలేని గడువు కూడా వర్తించదు. మీ అవసరాలు పోగా నెలకు 23,000 మిగలాలి. కనీస మొత్తం కట్టాక మిగిలే 19,000 ఎటు పోతోందో మీరు రాయలేదు. ప్లగిన్లు (సంగీత సాఫ్ట్‌వేర్‌కు జోడించే చిన్న ప్రోగ్రాములు), సౌండ్ లైబ్రరీల కొనుగోళ్ళ మీద అనుమానం ఉంది, ఒకసారి ఆరు నెలల స్టేట్‌మెంట్లు తిరగేయండి.

లోన్ యాప్‌ల మాట మీ ఉత్తరంలో చూసి నిజంగా బాధపడ్డాను. 2020 చివర్లో హైదరాబాద్‌లో ఈ యాప్‌ల వేధింపులకు ప్రాణాలు పోయాయి, పోలీసులు వరుసగా కేసులు పెట్టి అరెస్టులు చేశారు. మీరు ఉంటున్న నగరంలోనే ఇదంతా జరిగాక కూడా ఆ దారి ఒక ప్రత్యామ్నాయంగా మీ ఆలోచనలోకి రాకూడదు. అమ్మగారి బంగారం మీ వ్యాపార పెట్టుబడి కాదు. నాన్నగారిని ఏ అర్ధరాత్రో ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే ఆమెకు మిగిలే ధైర్యం అదే.

ఆసుపత్రి మాట వచ్చింది కాబట్టి, ఈ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టిన విషయానికి వస్తాను. మీరు రాజీనామా చేసిన తర్వాత ఆఖరి పనిదినంతో కంపెనీ బీమా సాధారణంగా ముగుస్తుంది. మధుమేహం ఉన్న 61 ఏళ్ళ మనిషికి ఆ మర్నాడు కొత్త పాలసీ తీసుకున్నా, ముందునుంచీ ఉన్న జబ్బులకు గరిష్ఠంగా మూడేళ్ళ వరకు వెయిటింగ్ పీరియడ్ (క్లెయిమ్ చెల్లించని గడువు) ఉండవచ్చు. మొదటి 30 రోజులు ప్రమాదాలు తప్ప మరేదీ వర్తించదు. అందుకే అమ్మానాన్నలకు ఒకటి, మీకు ఒకటి సొంత పాలసీలు ఉద్యోగంలో ఉండగానే, ఈ నెలలోనే తీసుకోండి. ఇప్పుడు తీసుకుంటే ఆ గడువులో చాలా భాగం కంపెనీ బీమా నీడలోనే గడిచిపోతుంది. ప్రతిపాదన పత్రంలో నాన్నగారి మధుమేహం, ఆయన వాడుతున్న మందులు దాచకుండా రాయండి, ప్రీమియం కొంత పెరిగినా సరే. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియం మీద జీఎస్టీ లేదు కాబట్టి ఆ మేరకు భారం తగ్గింది. వైద్య పరీక్షల తర్వాత నాన్నగారికి పాలసీ నిరాకరిస్తే, రాజీనామాకు ముందే మీ కంపెనీ బీమా సంస్థలోనే వ్యక్తిగత పాలసీకి మారే వీలు గురించి రాతపూర్వకంగా అడగండి. అమ్మానాన్నలు మీ మీద ఆధారపడి ఉన్నారు గనుక టర్మ్ జీవిత బీమా పాలసీ కూడా జీతం స్లిప్పులు చేతిలో ఉండగానే తీసుకోవాలి.

బాకీ కట్టాక పొదుపులో 30,000 మిగులుతుంది. నెలకు 23,000లో ప్రీమియంలకు 4,000 పోతే 19,000 నిధికి వెళ్తుంది. ఈ లెక్కన 3,87,000 చేరడానికి సుమారు 19 నెలలు పడుతుంది. బోనస్ వచ్చినా, గేమ్ పని డబ్బు వచ్చినా అందులోకే వేస్తే ఇంకా త్వరగా చేరుతుంది. ఈ సొమ్మును జీతం పడే ఖాతాలో ఉంచకండి, కార్డుతో తాకడానికి వీల్లేని చోట ఉంచండి. మ్యూచువల్ ఫండ్ సిప్‌లు ఈ నిధి నిండాకే. పీఎఫ్ ముట్టుకోవద్దు.

ఈ 19 నెలలు వృథా అవుతాయని మీరు అనుకోనక్కర్లేదు. 1948లో ఫ్రెంచ్ స్వరకర్త పియర్ షెఫెర్ రైలింజన్ల చప్పుళ్ళను సంగీతంగా మలిచింది ప్యారిస్ రేడియోలో ఉద్యోగం చేస్తూనే, అక్కడి స్టూడియోలో ఉన్న డిస్కు రికార్డింగ్ పరికరాలతోనే. మీ ముడిసరుకు మగ్గం, పట్టాలు, గ్రైండరు. దానికి ఖర్చేమీ లేదు, ఆరేళ్ళుగా పోగుచేసిన ఆ శబ్దాలు మరొకరి దగ్గర దొరకవు. ఆటగాడు చేసే పనిని బట్టి పొరలు పొరలుగా మారే సంగీతాన్ని గేమ్‌లో అమర్చడం మీకు వచ్చా అన్నది కూడా స్టూడియోలు చూస్తాయి. అందుకు వాడే ఎఫ్‌మాడ్, వైజ్ సాఫ్ట్‌వేర్లను నేర్చుకోవడానికి డబ్బు కట్టనక్కర్లేదు, చిన్న బడ్జెట్ గేమ్‌లకు కూడా వాటిలో ఉచిత లైసెన్సులున్నాయి. ఏటా జనవరి చివర్లో జరిగే గ్లోబల్ గేమ్ జామ్‌లో (బృందాలుగా చేరి తక్కువ సమయంలో గేమ్‌లు తయారుచేసే కార్యక్రమం) పాల్గొంటే కొద్ది రోజుల్లోనే ఒక గేమ్‌లో మీ పని కనిపిస్తుంది, స్టూడియోల వాళ్ళు పరిచయమవుతారు. ఇవేవీ 4 లక్షల సింథసైజర్ అడగవు. అది కొనాలనిపించినప్పుడు గేమ్ పనిలో సంపాదించిన డబ్బుతో ఒక్కో మాడ్యూల్ చొప్పున కొనుక్కోండి. మాడ్యులర్ అన్నది అలా కొనుక్కోవడానికి వీలైనదే కదా.

బయటి పని చేయడానికి మీ ఉద్యోగ ఒప్పందం అనుమతిస్తుందో లేదో చూసుకుని, అవసరమైతే కంపెనీ అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. సంగీతం మీద హక్కులన్నీ రాసిచ్చే ఒప్పందానికీ, ఆ ఒక్క గేమ్‌లో వాడుకోనిచ్చే ఒప్పందానికీ రేటు వేరుగా ఉండాలి. రెండింటిలోనూ కొంత మొత్తం ముందుగానే తీసుకోండి. టీడీఎస్ పోగా ఏడాదికి కట్టాల్సిన పన్ను 10,000 దాటితే ముందస్తు పన్ను కట్టాలి కాబట్టి, వచ్చిన ప్రతి చెల్లింపులో కొంత భాగం పన్ను కోసం పక్కన పెట్టండి. నిధి నిండి, రెండు పాలసీలు చేతికి వచ్చి, వరుసగా ఆరు నెలలు గేమ్‌ల ఆదాయం సగటున 25,000 దాటితే అప్పుడు రాజీనామా పత్రం ఇవ్వండి. మిగతా 18,000 మీ నిధి నుంచి తీసుకున్నా ఇరవై నెలలకు పైగా నిలదొక్కుకోగలరు. మంజూరైన రుణం వద్దని బ్యాంకుకు ఈ రోజే ఈమెయిల్ పంపండి. సొమ్ము ఖాతాలో పడ్డాక రద్దు చేసుకోవాలంటే ప్రాసెసింగ్ రుసుము, కొన్ని రోజుల వడ్డీ మీ మీదే పడవచ్చు.