మణికట్టు విరిగిన అబ్బయ్యకు పెదనాన్న ఉత్తరం

కందుకూరు

చిరంజీవి అబ్బయ్యకు పెదనాన్న ఆశీస్సులు.

ఆసుపత్రి దగ్గర తిరిగే మధ్యవర్తి ఒకడు ఇంటికి వచ్చి, వచ్చిన దాంట్లో మూడో వంతు తనకిస్తే చాలు, సంతకాలు పెట్టండి అని అడిగితే నువ్వు అతన్ని గుమ్మంలోంచే పంపించావని, నెల్లూరు మోటారు ప్రమాదాల ట్రిబ్యునలులో నీ నష్టపరిహారం కేసు నువ్వే దగ్గరుండి వేయించుకుంటానన్నావని మీ అమ్మ రాత్రి ఫోనులో చెప్పింది. నా తమ్ముడి కొడుక్కి ఆ పాటి తెగువ ఉన్నందుకు చాలా సంతోషించాను. కానీ ఫోను పెట్టేసిన తరువాత తెల్లవారేదాకా నిద్ర పట్టలేదు. ఎందుకు పట్టలేదో కింద రాస్తాను.

ముందుగా తేలిక విషయాలు. ఎఫ్.ఐ.ఆర్. నకలు, గాయాల ధ్రువపత్రం, డిశ్చార్జి సమ్మరీ, ఎక్స్‌రేలు, మందుల బిల్లులు, నిన్ను గుద్దిన కారు బీమా పాలసీ నకలు ఒక్కచోట చేర్చి పెట్టు. ప్రమాదం సింగరాయకొండ దగ్గర జరిగినా, నువ్వు ఉండేది కోవూరులో కాబట్టి నెల్లూరులో పిటిషను వేసుకొనే హక్కు చట్టమే ఇచ్చింది. 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న సవరణ ప్రకారం ప్రమాదం జరిగిన 6 నెలల లోపల వేయాలి. ఆ తేదీని గోడ క్యాలెండరు మీద ఎర్రసిరాతో రాసుకో. పోలీసులు 48 గంటల్లో తొలి నివేదిక, 90 రోజుల్లో పూర్తి నివేదిక ట్రిబ్యునలుకు పంపాలని నిబంధన ఉంది కాబట్టి, పంపారో లేదో స్టేషనుకు వెళ్ళి మర్యాదగా కనుక్కో. వకీలుతో ఫీజు ఎంతో ముందే తేల్చుకో. పరిహారంలో వాటా అడగడం న్యాయవాదుల నియమాలకే విరుద్ధం.

ఇక నా నిద్ర సంగతి. ఆసుపత్రిలో రాసిన నీ కేసు షీటు మొదటి పేజీ చూశావా? నిన్ను చేర్చుకున్న రాత్రి డ్యూటీ డాక్టరు "ఎట్లా తగిలింది" అని అడిగినప్పుడు ఎవరు ఏమి చెప్పారో, ఆయన ఏమి రాసుకున్నారో చదివావా?

1996 ఫిబ్రవరిలో, నీ పుట్టుకకు ముందు, నేను బజారులో దర్జీగా ఉన్నాను. కొట్టు కట్టేసి సైకిలు మీద వస్తుండగా, వేలం కేంద్రానికి పొగాకు బేళ్ళు తోలుకుపోతున్న ట్రాక్టరు వెనక నుంచి తగిలి నా కుడి తొడ ఎముక విరిగింది. ఆ ట్రాక్టరు ఆసామి మన ఊరివాడే, వరుసకు బావ అవుతాడు. నాకంటే ముందే ఆసుపత్రికి చేరి, వచ్చే నెలలో కూతురి పెళ్ళి పెట్టుకున్నాను, ఇప్పుడు పోలీసు కేసంటే మగపెళ్ళివారు వెనక్కి పోతారు, ఖర్చంతా నేనే పెట్టుకుంటాను అని నా చేతులు పట్టుకున్నాడు. నాకూ మొహమాటమే. డాక్టరు అడిగితే "సైకిలు జారి పడ్డానండీ" అన్నాను. ఆయన అదే రాసుకున్నాడు. నాలుగు రోజుల తరువాత పెద్దమనుషుల ముందు 8,000 రూపాయలు ఇచ్చి, ఇక ఏ తగాదా లేదని కాగితం మీద సంతకం తీసుకున్నారు. ఆ కాగితంలో ఏముందో నేను చదవనే లేదు. పెళ్ళికి వెళ్ళి అక్షింతలు కూడా వేసి వచ్చాను.

ఏడాది తిరగకుండానే ఎముక సరిగా అతకలేదన్నారు. ఒంగోలులో రెండో ఆపరేషను చేయించుకున్నాను. కాలు అంగుళం పొట్టిదై, మిషను పెడలు తొక్కితే తుంటి దాకా మంట పుట్టేది. అప్పుడు వకీలు దగ్గరకు పోతే ఆయన నన్ను రెండే ప్రశ్నలు అడిగాడు: ఎఫ్.ఐ.ఆర్. ఏది, ఆసుపత్రి కాగితంలో ఏముంది. అప్పట్లో పిటిషను ఇన్నాళ్ళలోపే వేయాలన్న గడువు కూడా లేదు. నా నోటి మాటే నాకు అడ్డు నిలిచింది. ఆ ట్రాక్టరుకు బీమా ఉందనీ, డ్రైవరుకు లైసెన్సు ఉందనీ, నేను నిజం చెప్పి ఉంటే డబ్బు కట్టవలసింది బీమా కంపెనీయే తప్ప బావ కాదనీ అక్కడే తెలిసింది. ఆయన పోలీసులకు భయపడ్డాడు, నేను ఆయన కన్నీళ్ళకు భయపడ్డాను. నీ అన్నప్రాసనకు చొక్కా కుట్టడానికి చేతిచక్రం తిప్పుతూ రెండు రోజులు కూర్చున్నాను. ఆ తరువాత మిషను అమ్మి, రిజిస్ట్రారు ఆఫీసు దగ్గర దస్తావేజులు రాసుకొనే పనికి కుదిరాను.

అందుకే చెబుతున్నాను: కేసు షీటు నకలు తీసుకొని, అందులో రాసినదీ ఎఫ్.ఐ.ఆర్.లో ఉన్నదీ ఒకటేనా అని పక్కపక్కన పెట్టి చదువు. తేడా ఉంటే వకీలుకు మొదటి రోజే చెప్పు. ఖాళీ కాగితం మీద సంతకం అడిగేది ఎవరైనా, నేనైనా సరే, పెట్టవద్దు.

డబ్బు లెక్కలో ఒక మెలిక ఉంది. వైకల్య ధ్రువపత్రంలో ఉన్న శాతమే నీ సంపాదన నష్టం కాదు. అదే గాయం చేసే పనిని బట్టి వేరు నష్టం కలిగిస్తుందని సుప్రీంకోర్టు 2010లో రాజ్‌కుమార్ కేసులో తేల్చింది. టైల్స్ పరిచే చేతికి మణికట్టు తిరగకపోతే ఎంత పోతుందో నీకు వేరే చెప్పనక్కరలేదు. నెలకు 20,000 ఆదాయం రుజువైతే, భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలిపి, దాన్ని ఏడాదికి లెక్కగట్టి, నీ 27 ఏళ్ళ వయసుకు కోర్టులు వాడే గుణకం 17తో గుణించాలి. నష్టం 20 శాతమంటే 11,42,400 రూపాయలు, 40 శాతమంటే 22,84,800. ఈ తేడా తేలేది ధ్రువపత్రంతో కాదు, నీకు వైద్యం చేసిన డాక్టరు సాక్ష్యంతో. ఆయనను పిలిపించమని వకీలును ఇప్పటి నుంచే అడుగుతూ ఉండు. నీకు జీతపు చీటీలు లేవు కాబట్టి, మేస్త్రీలు ఫోనులో వేసిన డబ్బుల పట్టీ బ్యాంకు నుంచి తీసుకో. మీ అమ్మ ఆసుపత్రిలో నీ పక్కన కూర్చున్న రోజులకు కూడా సహాయకుల ఖర్చు అడగవచ్చు, సొంత తల్లే కదా అని వదలవద్దు.

లోక్ అదాలత్ చెడ్డదేమీ కాదు, త్వరగా తేలుతుంది. కానీ అక్కడ ఒప్పుకున్న తరువాత అప్పీలు ఉండదు. చెయ్యి ఎంతవరకు బాగుపడుతుందో డాక్టరు చెప్పకముందు ఏ మొత్తానికీ తల ఊపకు.

ఇంకొక మాట. నువ్వు అప్పుడే గ్రానైటు పలకలు ఎత్తుతున్నావట. ఎవరు చెప్పారు నీకు, అంత తొందరేమిటి? కేసు కోసం పని దాచమని చెప్పడం లేదు. డాక్టరు వద్దన్నంత కాలం మానుకోమంటున్నాను. బండి వాయిదాకు ఇబ్బందిగా ఉంటే ఈ రెండు నెలలు నేను పంపుతాను, మీ నాన్నకు చెప్పనవసరం లేదు.

ఆదివారం కందుకూరు బస్సెక్కి రా. కాగితాలన్నీ తీసుకురా, ఇద్దరం కూర్చొని చదువుదాం. సంచి ఎడమచేత్తో పట్టుకో.

పెదనాన్న