పేరు అబద్ధమైనా డబ్బు పడిన అకౌంట్ నిజమే కదమ్మా

ప్రశ్న: సార్, మాది తిరుపతి కొర్లగుంట. నాకు 27, ప్రైవేట్ స్కూల్లో టీచర్‌ని. మ్యాట్రిమోనీలో పరిచయమైనాయన సొంతూరు పలమనేరు, బెంగళూరులో సాఫ్ట్‌వేర్ అన్నాడు. ఎనిమిది నెలలు మాట్లాడుకున్నాం, వీడియో కాల్ అంటే మాత్రం కెమెరా పాడైందనేవాడు. వాళ్ళమ్మకి వేలూరులో ఆపరేషన్ అంటే నాలుగు సార్లుగా 1,85,000 పంపించాను, ఆఖరుది పోయిన శనివారం 60 వేలు. ఇప్పుడు తెలిసింది, ఆ ఫోటోలు వేరే ఎవరివో. నిలదీస్తే ఇంకో 50 వేలు ఇవ్వు, లేకుంటే నువ్వు పంపిన పర్సనల్ ఫోటోలు మీ అన్నకి పంపిస్తా అంటున్నాడు. చాట్ మొత్తం డిలీట్ చేసేద్దామా? నా మీద కూడా కేసు అవుతుందా?

జవాబు: అమ్మా, ముందు ఆ డిలీట్ ఆలోచన మానుకో, దాంతో పోయేది నీ పరువు భయం కాదు వాడి మీదుండే సాక్ష్యం. ఇది చదవంగానే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయి, లేదా సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కంప్లైంట్ పెట్టు. శనివారం పోయిన 60 వేలు ఇంకా ఏదో ఒక అకౌంట్లో ఉండుంటే దాన్ని బ్యాంకు వాళ్ళు హోల్డ్‌లో పెడతారు, తర్వాత కోర్టు ఆర్డర్ మీద వెనక్కి తెచ్చుకోవచ్చు. డ్రా చేసేసుంటే కష్టమే, అబద్ధం చెప్పి నీకు ఆశ పెట్టను, అందుకే ఒక్క గంట కూడా ఆలస్యం చేయొద్దంటున్నా.

నువ్వు పంపిన పేమెంట్ స్క్రీన్‌షాట్లు చూశాను. నాలుగు పేమెంట్లు, మూడు వేరే వేరే పేర్లు, అందులో ఒకటి ఎవరో ఆడామె పేరు, ఒకటి ఏదో షాపు పేరు, పిన్ కొట్టే ముందు నీకు స్క్రీన్ మీద ఆ పేరు కనపడింది, నువ్వు అడిగావు కూడా, వాడేమో 'మా మామ అకౌంటు' అన్నాడు, నువ్వు నమ్మేశావు. వీటిని మ్యూల్ అకౌంట్లు అంటారు, కమిషన్‌కి ఆశపడి ఇచ్చే కిరాయి అకౌంట్లు. వాడి పేరు అబద్ధం, ఊరు అబద్ధం, మొహం కూడా వాడిది కాదు, కానీ ఆ అకౌంట్లకి కేవైసీ, అంటే బ్యాంకుకి ఇచ్చిన గుర్తింపు కాగితాలు, ఉంటుంది, ఫోన్ నంబరు ఉంటుంది, పోలీసులు పట్టుకునే దారం అదే. ప్రతి పేమెంట్‌కీ దాన్ని గుర్తుపట్టే 12 అంకెల యూటీఆర్ నంబరు ఉంటుంది, నాలుగూ ఒక కాగితం మీద రాసి పెట్టుకో.

వాడిని బ్లాక్ చేసే ముందు నంబరు కనపడేటట్టు చాట్ అంతా స్క్రీన్ రికార్డ్ చేసుకో, ఎక్స్‌పోర్ట్ కూడా చేసి పెట్టు, ప్రొఫైల్ లింక్ కాపీ చేసుకో, ఎందుకంటే పేరు వాడు ఏ రాత్రైనా మార్చేస్తాడు. ఫోన్ అమ్మొద్దు, ఫార్మాట్ కొట్టొద్దు, రేపు కోర్టులో సాక్ష్యాల చట్టం, అదే సాక్ష్య అధినియమం, సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ రికార్డులకిచ్చే సర్టిఫికెట్‌తో ఇవన్నీ చూపించాల.

నీ మీద కేసు గురించి అడిగావు. నమ్మిన మనిషికి ఫోటో పంపినందుకు నువ్వు ముద్దాయి కావు, బాధితురాలివి. వాడి మీద మాత్రం చాలానే ఉన్నాయి: వేరే వాడిలా నటించి ఆన్‌లైన్‌లో మోసం చేసినందుకు ఐటీ చట్టం 66డి, 3 ఏళ్ళ దాకా జైలు, మనం 420 అని పిలిచేది ఇప్పుడు ఐపీసీ బదులు వచ్చిన న్యాయ సంహితలో 318(4), 7 ఏళ్ళ దాకా, ఫోటోలతో బెదిరించి డబ్బు గుంజడం అందులోనే 308. నిజంగా ఫోటోలు పంపించాడంటే ఐటీ చట్టంలోనే ప్రైవేట్ ఫోటోలు, అశ్లీలం బయట పెట్టడం మీదుండే 66ఈ, 67 లాంటివి కూడా వచ్చి చేరతాయి.

స్టేషన్‌లో 'ఇది మా లిమిట్స్‌లోకి రాదు' అంటే వెనక్కి రావద్దు, సీఆర్‌పీసీ బదులు వచ్చిన నాగరిక సురక్షా సంహిత 173 ప్రకారం ఎక్కడైనా ఎఫ్ఐఆర్ కట్టాల, జీరో ఎఫ్ఐఆర్ అంటారే అది. అప్పటికీ వినకపోతే రాతపూర్వకంగా ఎస్పీకి పంపించు. లాయర్ ఫీజు గురించి దిగులొద్దు, కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది, ఆడవాళ్ళకి జీతంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ని ఇస్తారు.

50 వేలు మాత్రం ఇవ్వొద్దు తల్లీ. ఇస్తే వచ్చే నెల లక్ష అంటాడు, ఇట్లాంటివి చూసి చూసి చెప్తున్నా. వాడి చేతిలో ఉండే ఆయుధమల్లా మీ అన్నకి తెలియకపోవడమే. ఈ రాత్రికే మీ అన్నని పక్కన కూర్చోబెట్టుకుని నువ్వే చెప్పేసెయ్, కోప్పడతాడేమో, కోప్పడనీ, పొద్దునకి నీతోపాటు స్టేషన్‌కి వచ్చేదీ ఆయనే. నోరు రాకపోతే ఈ జవాబే ఆయనకి చూపించు.