బెత్తం తెచ్చే పిల్లవాడి గురించి రాయి

అమ్మా,

నీ కథ అందింది. దాన్ని తొమ్మిదో తరగతి పిల్లలకు చదివి వినిపించి, బడిలో దెబ్బల గురించి వాళ్లచేత మాట్లాడించాలన్న నీ ఆలోచన నాకెంతో నచ్చింది. కథ మాత్రం ఇంకా ఆ గదిలోకి వెళ్లేంతగా సిద్ధం కాలేదు.

నీ మాస్టారు వస్తూనే కళ్లెర్రజేసి పళ్లు కొరుకుతాడు. 'మా సారు ఇలా ఉండరు' అనుకుని పిల్లలు ఊపిరి పీల్చుకుంటారు. అంతటితో ఆ కథతో వాళ్లకు పని తీరిపోతుంది. మన బడుల్లో చాలా దెబ్బలు హోంవర్కు చూస్తూ, వరసగా, ఓ పద్ధతి ప్రకారం పడతాయి. కొట్టే మనిషి ఓ పేద పిల్లవాడి పరీక్ష ఫీజు తన జేబులోంచి కట్టినవాడే కావచ్చు. ఆ మనిషిని రాయి.

దెబ్బను అర పేజీ వర్ణించావు. దాని ముందూ వెనకా ఏమీ లేదు. స్టాఫ్ రూములోంచి బెత్తం తెమ్మని పంపేది క్లాసు లీడరునే కదా! పెద్ద పని అప్పజెప్పినట్టు వాడు పరుగున వెళ్లి తెస్తాడు. వరసలో నిలబడ్డవాడు అరచేతిని నిక్కరుకు రుద్దుకుంటూ ముందువాడికి ఎన్ని పడ్డాయో లెక్కపెట్టుకుంటాడు. చెయ్యి వెనక్కి లాక్కుంటే ఇంకొకటి అదనం. స్కేలు అంచుతో కణుపుల మీద తిన్నవాడు మధ్యాహ్నం పప్పన్నం సరిగా కలుపుకోలేడు. ఈలోగా వెనక బెంచీలోంచి నవ్వు. నీ కథలో ఆ నవ్వు లేదు, అది కావాలి. ఇవాళ నవ్వినవాడే రేపు చెయ్యి చాపేది. ఆ ఇద్దరూ ఒకడేనని పిల్లలు తమంతట తాము కనిపెట్టాలి.

చర్చ ఎక్కడ మొదలుపెట్టాలని అడిగావు. ప్రహ్లాదుడితో మొదలుపెట్టు. ఏనుగులూ పాములూ అందరికీ గుర్తుంటాయి. వాటికంటే ముందే గురువు బెత్తం తెమ్మన్న సంగతి చాలామందికి గుర్తుండదు. పిల్లవాడు చేసిన నేరమల్లా నేర్పింది అప్పజెప్పకుండా తాను నమ్మింది చెప్పడమే. ఆ గురువులు ఎవరికి భయపడ్డారో కూడా అడుగు. రాజుకు జవాబు చెప్పుకోవలసింది వాళ్లే. ర్యాంకుల కోసం యాజమాన్యం నిలదీసే నేటి మాస్టారి భయం కూడా అలాంటిదే.

ఒక్కటి మాత్రం ఎప్పటికీ చెయ్యకు. 'మీలో దెబ్బలు తిన్నవాళ్లు చేతులెత్తండి' అనకు. 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ వెలువరించిన అధ్యయనంలో బడికెళ్లే పిల్లల్లో 65 శాతం తమకు దెబ్బలు పడ్డాయన్నారు. ఆంధ్రప్రదేశ్ సహా 13 రాష్ట్రాల్లో జరిగిందది. అంటే నీ గదిలోనూ అలాంటివాళ్లు ఉన్నారనే అనుకో. చెయ్యెత్తిన పిల్ల తర్వాతి పీరియడులో అదే మాస్టారి ముందు కూర్చోవాలి. అందుకే కథలోని పిల్లవాడి తరఫున మాట్లాడించు. వాడు ఇంటికెళ్లి ఏం చెప్పాడు, ఏం దాచాడు, ఎందుకు దాచాడు? వాళ్ల మాటలు ఆ చాటున వస్తాయి. ఎవరైనా విడిగా వచ్చి తమ సంగతి చెబితే, అది నీ కథకు సరుకు కాదు. శ్రద్ధగా విను, సాయం అందేలా చూడు. పిల్లల సహాయవాణి 1098 నంబరు పిల్లలందరికీ తెలియాలి.

చట్టాన్ని కథలో ఇరికించకు, చర్చలో సూటిగా చెప్పు. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చి 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని 17వ సెక్షన్ శారీరక దండనతో పాటు మానసిక వేధింపులనూ నిషేధించింది. 'మొద్దు' అంటూ అందరి ముందూ నిలబెట్టి నవ్వించడం సంగతేమిటని ఎవరో ఒకరు అడుగుతారు. నీ కథలోని నవ్వు గురించి అప్పుడు మాట్లాడు.

ఇక ఆ తండ్రి. 'కళ్లు రెండూ వదిలేసి ఎక్కడైనా కొట్టండి సారూ' అని చేతులు జోడించి చెప్పే తండ్రిని ఒక్క వాక్యంలో తేల్చేశావు. తనకు అందని చదువు కొడుక్కి ఎలాగైనా రావాలన్న ఆరాటం ఉంది ఆ మాటలో. అతన్ని దోషిగా నిలబెట్టకు, ఓ పేజీ ఇవ్వు.

తిరగరాసి, పిల్లలకు చదవకముందే నాకు పంపు. లీడరు బెత్తం తెచ్చే ఘట్టం ముందుగా చూడాలని ఉంది.

ఆశీస్సులతో.